ఆవు పడుకున్న చోటు

మా గృహప్రవేశానికి ఆవును తెప్పించాలన్న పట్టు నాదే. మా ఆయనది కాదు, పంతులుగారిది అంతకన్నా కాదు. జరిగినదాని గురించి ఎవరైనా అడిగితే మా ఆయన "మేము" అంటాడు, "మా వల్ల" అంటాడు. మంచివాడు కాబట్టి అలా అంటాడు. ఆ "మేము" వెనక దాక్కోవడానికి నాకు సిగ్గేస్తుంది.

సిడ్నీలో క్వేకర్స్ హిల్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళు ఇల్లు కట్టుకుంటే, బెడ్రూములు ఎన్నని ఇప్పుడెవరూ అడగరు. ఆవు వచ్చిందా అని అడుగుతారు. ఊరి చివర ఫారాల్లో ఆవునీ దూడనీ ట్రైలర్లో ఎక్కించి తీసుకొచ్చేవాళ్ళు దొరుకుతారు. పూలదండ వేసుకున్న ఆవు గడప దాటుతున్న వీడియో ఆ వారమంతా గ్రూపుల్లో తిరుగుతుంది. నా స్నేహితురాలు ఒకావిడకి ఆవు దొరక్క వెండి ఆవు బొమ్మతో సరిపెట్టుకుంది. ఆవిడ ముందు "ఏముందిలే, భక్తి ముఖ్యం" అన్నాం. ఆవిడ వెనక ఏమన్నామో రాయను.

కొత్త ఇంటికి ఎడమ పక్కన ఒక గ్రీకు పెద్దాయన ఉంటాడు. మందుల షాపు నడిపి రిటైరయ్యాడు. భార్య పోయాక ఒక్కడే టమాటాలూ నిమ్మచెట్టూ చూసుకుంటూ కాలక్షేపం చేస్తున్నాడు. నేను అంకుల్ అని పిలిస్తే మొదట్లో వింతగా చూశాడు, తర్వాత ఆ పిలుపు నచ్చినట్టుంది. ఇల్లు కడుతున్నన్నాళ్ళూ మేం వచ్చినప్పుడల్లా కంచె మీదుగా ఒక సంచీలో టమాటాలు అందించేవాడు.

ఒక శనివారం ఆయనకి గృహప్రవేశం సంగతి చెప్పి, ఆవు కూడా వస్తోందని ముందుగానే చెప్పాను. పేడ వాసనకి ఎక్కడ కంప్లయింట్ ఇస్తాడోనని నా భయం. ఎందుకు ఆవు అని అడిగాడు. మాకంటే ముందు అది ఇంట్లో అడుగుపెడుతుందని, దాని వెనక మేం వెళ్తామని, ఆవుతో పాటు లక్ష్మి వస్తుందని నాకు తెలిసిన ఇంగ్లీషులో చెప్పాను. ఆయన నవ్వాడు. చేతిలో ఉన్న మట్టి దులుపుకుని, "మా ఊరికి చోటు చూపించింది కూడా ఒక ఆవే" అన్నాడు.

ఆయనది గ్రీసులో థీబ్స్. ఇప్పుడు వాళ్ళు థీవా అంటారట. ఆ ఊరు ఎలా పుట్టిందో ఆ రోజు కంచె దగ్గరే నిలబడి చెప్పాడు. కాడ్మస్ అని ఒక రాజకుమారుడు. వాళ్ళ దేవతల రాజు ఎద్దు రూపంలో వచ్చి ఇతని చెల్లెల్ని వీపు మీద ఎక్కించుకుని సముద్రం దాటించి తీసుకుపోయాడు. చెల్లెలు దొరికేదాకా ఇంటికి రావద్దన్నాడు తండ్రి. తిరిగి తిరిగి అలిసిపోయి ఇతను ఒక క్షేత్రానికి వెళ్ళి దారి చూపించమని వేడుకుంటే, చెల్లెల్ని వెతకడం ఇక మానెయ్యి, ఒంటి మీద చంద్రుడిలా తెల్లమచ్చ ఉన్న ఆవు కనబడుతుంది, దాని వెనకే నడువు, అది అలిసిపోయి ఎక్కడ పడుకుంటే అక్కడ ఊరు కట్టు అని దేవుడి మాట వినిపించింది. ఇతను అలాగే నడిచాడు. ఆవు పడుకున్న చోట కోట కట్టి దానికి తన పేరు పెట్టుకున్నాడు. చాలా ఏళ్ళ తర్వాత కవల అన్నదమ్ములు ఇద్దరు ఆ ఊరిని ఏలారట. గోడ కట్టడానికి ఒకడు రాళ్ళు భుజాన మోస్తే, ఇంకొకడు వీణ లాంటిది వాయించేవాడట, ఆ పాటకి రాళ్ళు వాటంతటవే వచ్చి పేరుకునేవట. ఆ మోసినవాడి భార్య పేరు థీబీ. ఊరి పేరు ఆవిడదే. చుట్టుపక్కల సీమకి మాత్రం ఆవు పేరే నిలిచిపోయింది, బియోషియా అంటే ఆవు సీమ అన్నట్టేనని చెప్పాడు.

నాకు ఒళ్ళు పులకరించింది. మన స్థలపురాణాల్లో ఏ గుడి కథ విన్నా ఒక ఆవు ఉంటుంది. పుట్ట మీద పాలు ధారపోసో, ఒకచోట కదలకుండా నిలబడో, దేవుడున్న చోటు చూపిస్తుంది. అదే కథ ఈయన నోట వింటుంటే నా ఆవుకి పెద్ద సర్టిఫికెట్ వచ్చినట్టనిపించింది. గృహప్రవేశం రోజు మావాళ్ళందరికీ ఈ కథ చెప్పాలని ఆయన్ని బతిమాలాను. ఆయన కొంచెం తటపటాయించాడు.

"ఆ కథ అక్కడితో అయిపోదు. తర్వాత ఇంకా ఉంది" అన్నాడు.

"ఇంతవరకు చాలు అంకుల్, ఇంతవరకే బాగుంది" అన్నాను. ఆయన సరేనన్నాడు.

ఆవు యజమానురాలు మొదట ఫోన్లోనే గట్టిగా చెప్పింది. అరవై దాటిన మనిషి, మాటలో నాన్చుడు లేదు. "వరండాలో నా రబ్బరు చాపలు పరుస్తాను. ముందు కాళ్ళు రెండూ గడప లోపల పెడుతుంది. అంతే. టైల్స్ మీదకి మాత్రం తీసుకెళ్ళకూడదు" అంది. అలాగే అలాగే అన్నాను. టైల్స్ ఎందుకు వద్దో అడగాలని కూడా తోచలేదు. నేల ఎక్కడ ఖరాబవుతుందోనని మా మీద జాలిపడి అంటోంది కాబోలనుకున్నాను. ఆ టైల్స్ నేనే ఏరి కొన్నాను. తెల్లగా, వంగి చూస్తే ముఖం కనిపించేంత నునుపు.

గృహప్రవేశం రోజు ఉదయం ఎండ చల్లగా ఉంది. ట్రైలర్ లోంచి దిగిన ఆవు చిన్నదే, జెర్సీ రకం, లేత గోధుమ రంగు, కాటుక పెట్టినట్టున్న కళ్ళు. దూడ దాన్ని రాసుకుంటూ దిగింది. మా ఆడవాళ్ళంతా చుట్టూ మూగి కాళ్ళకి పసుపు రాశారు, నుదుట కుంకుమ పెట్టారు, మెడలో చామంతుల దండ వేశారు. నేను కొత్త పట్టుబట్ట ఒకటి దాని నడుము మీద కప్పాను. అది కదలకుండా నిలబడి అన్నీ చేయించుకుంది.

ముహూర్తానికి ఇంకా కొంచెం టైముందని, పక్కింటి పెద్దాయన కోటూ టై వేసుకుని వచ్చి లాన్లో అందరి ముందూ నిలబడి కథ చెప్పాడు. మా ఆయన పక్కనుంచి తెలుగులోకి మార్చి చెప్పాడు. ఆవు పడుకున్న చోట ఊరు కట్టారు అనగానే అందరూ చప్పట్లు కొట్టారు. మా బంధువుల్లో ఒక ఆంటీ, మా అత్తగారి వరసావిడ, "చూశారా, మన ఆచారాలు అక్కడిదాకా వెళ్ళాయి" అంది. పెద్దాయనకి ఆ మాట ఎవరూ ఇంగ్లీషులో చెప్పలేదు. నేను గర్వంగా నిలబడి ఉన్నాను, ఆ కథ నేనే పుట్టించినట్టు.

తర్వాత ఆవును వరండాలోకి నడిపించారు. చాప మీద నిలబడి, చెప్పినట్టే ముందు కాళ్ళు రెండూ గడప లోపలికి పెట్టింది. పంతులుగారు అక్షింతలు వేసి, "చాలమ్మా, ప్రవేశం అయినట్టే. మీరు వెనకే కుడికాలు పెట్టి రండి" అన్నారు. ఆయనకి ఇంకో ఇంట్లో ముహూర్తం ఉంది, అయినా తొందరపడి అన్న మాట కాదది. సరిగ్గానే చెప్పారు.

అప్పుడు ఆంటీ అంది, "గడప మీద కాళ్ళు పెడితే వచ్చినట్టా ఏంటే? మెల్‌బోర్న్‌లో మా అమ్మాయి వాళ్ళింట్లో దేవుడి రూము దాకా వెళ్ళింది. వీడియో నీకు పంపాను కదా, చూళ్ళేదా?"

చూశాను. చాలాసార్లు చూశాను. నా వెనక ఫోన్లు పట్టుకుని అందరూ నిలబడి ఉన్నారు. ఇంత చేసి, ఇంతమందిని పిలిచి, సగం ఆవు వీడియోనా అనిపించింది. సరిగ్గా ఆ సమయానికే ట్రైలర్ దగ్గర కట్టేసిన దూడ తాడులో కాలు చిక్కుకుని అరిచింది. యజమానురాలు పలుపు మా ఆయన చేతికిచ్చి, "ఇక్కడే ఉంచండి, ఇప్పుడే వస్తాను" అని వెళ్ళింది.

నేను పూజ పళ్ళెంలోంచి అరటిపండ్ల అత్తం తీసుకున్నాను. ఒక పండు వలిచి ఆవు మూతి దగ్గర పెట్టి ఒక అడుగు వెనక్కి వేశాను. అది మెడ చాపింది. ఇంకో అడుగు వేశాను. మా ఆయన, "ఆవిడ వద్దంది కదా, ఆగు" అన్నాడు గానీ పలుపు వదులు చేశాడు. "రా తల్లీ, రామ్మా" అంటూ నేను వెనక్కి నడుస్తున్నాను, అది నా చేతినే చూస్తూ వస్తోంది. తెల్లవారుజామునే హాలంతా పసుపునీళ్ళతో కడిగించాం, తడి ఇంకా పూర్తిగా ఆరలేదు. హాలు మధ్యకి వచ్చాక ఎవరో గంట గట్టిగా మోగించారు. అది ఉలిక్కిపడి పక్కకి తిరగబోయింది, వెనక కాళ్ళు చెరోవైపు జారిపోయాయి. ధబ్బున కూలబడింది.

కప్పిన పట్టుబట్ట కాళ్ళ మీదుగా పరుచుకుంది. మాకు కనబడింది మెడ ఎత్తి కూర్చున్న ఆవు మాత్రమే.

"కూర్చుంది, కూర్చుంది" అన్నారు ఎవరో. హాలంతా చప్పట్లు. ఇప్పుడే కదా కథ విన్నారు, ఆవు పడుకున్న చోటే చోటని. "నీ ఇంటి నడిమధ్యలో కూర్చుందే, ఎంత అదృష్టమే" అంటూ ఆంటీ నన్ను దగ్గరికి తీసుకుంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు. నా కళ్ళలోనూ. హారతి ఇచ్చాం. మళ్ళీ కుంకుమ పెట్టాం. ఒక్కొక్క కుటుంబం వచ్చి దాని పక్కన కూర్చుని ఫోటోలు దిగారు. నేను మెడ మీద చెయ్యి వేసి కూర్చున్నాను. నా అరచేతి కింద దాని చర్మం వణికింది. దీవిస్తోందనుకున్నాను.

గుమ్మంలో పక్కింటి పెద్దాయన కనబడ్డాడు. ఆ క్షణంలో ఆయన కంటే ఆప్తుడు నాకు లేడు. చూశారా అన్నట్టు ఆవు వైపు చెయ్యి చాపాను. ఆయన నవ్వలేదు.

"అది కూర్చోలేదు. పడింది" అన్నాడు.

"లేదంకుల్, కూర్చుంది. మీ కథలోలాగే" అన్నాను, నవ్వుతూనే.

ఆయన వెనక్కి తిరిగి ఆ వయసులో ఎంత వేగంగా వెళ్ళగలడో అంత వేగంగా ట్రైలర్ వైపు వెళ్ళాడు. ఆయన మనసు నొచ్చుకుందేమోనని అనుకున్నాను. ఇంకో ఫోటోకి నవ్వాను.

యజమానురాలు లోపలికి వచ్చేసరికి మేం రెండోసారి హారతి ఇస్తున్నాం. ఆవిడ మనుషుల్ని రెండు చేతులతో పక్కకి తోసుకుంటూ వచ్చి పట్టుబట్ట లాగేసింది. వెనక కాళ్ళు రెండూ ఏ ఆవుకీ ఉండని తీరులో అటొకటీ ఇటొకటీ చాపి ఉన్నాయి. హారతి పళ్ళెం ఎవరి చేతిలో ఉందో వాళ్ళు దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డారు. ఎంతసేపటి నుంచి అని అడిగింది ఆవిడ. ఎంతసేపని చెప్పను, ఎన్ని ఫోటోలని చెప్పను.

తర్వాత అందరూ పరిగెత్తారు. కొత్త తివాచీ తెచ్చి దాని కింద దూర్చారు, దుప్పట్లు, తువ్వాళ్ళు, రబ్బరు చాపలు తెచ్చారు. మగవాళ్ళు పంచెలు ఎగ్గట్టి లేపబోయారు. అది ముందు కాళ్ళ మీద లేచి, వెనక బలం లేక మళ్ళీ కూలబడింది. మళ్ళీ ప్రయత్నించింది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది, మాకు ముందే తెలిసేది. కానీ ఆ మాట కూడా ఆవు మీదకి నెట్టడమే. ఆవు అరవలేదు, నిజమే. కానీ తెలిసినవాళ్ళు వద్దని చెప్పారు, పెద్దాయన పడిందని చెప్పాడు. ఇంకెవరు చెప్పాలి నాకు.

యజమానురాలు ఫోన్ చేస్తే పశువుల డాక్టరు వచ్చింది. చేతులతో తడిమి, తుంటి ఎముక దగ్గర విరిగిందని, నరాలు కూడా దెబ్బతిన్నాయని, ఇక ఇది లేవదని చెప్పింది. తీసుకెళ్ళి వైద్యం చేయించలేమా అని మా ఆయన అడిగాడు. ట్రైలర్ ఎక్కించడమంటే ఇంకా బాధ పెట్టడమేనంది ఆవిడ. ఇక్కడే ఇంజెక్షన్ ఇచ్చేయడం మంచిదంది.

ఆ మాట అర్థమయ్యాక హాల్లో జనం కదిలిన తీరు నేను ఎప్పటికీ మరిచిపోను. పంతులుగారు అప్పటికే వెళ్ళిపోయారు. ఆంటీయే అంది, మెల్లగా, ఖండితంగా. "గోవు ప్రాణం పోయే చోట మనం ఉండకూడదు. దోషం చుట్టుకుంటుంది. పదండి, అందరూ వెనక్కి పదండి." పొద్దున దాని కాళ్ళకి పసుపు రాసినవాళ్ళు, తోక కళ్ళకద్దుకున్నవాళ్ళు, పక్కన కూర్చుని ఫోటో దిగినవాళ్ళు, ఒకరి వెనక ఒకరు చెప్పులు వెతుక్కుంటూ పెరట్లోకి వెళ్ళిపోయారు.

యజమానురాలు నేల మీద కూర్చుని ఆవు నుదుటి మీద కుంకుమ తడిగుడ్డతో తుడుస్తోంది. తలెత్తి నన్ను చూసింది. కోపంగా చూసి ఉంటే తట్టుకునేదాన్ని.

"పుట్టగానే తల్లి పోతే నేనే సీసాతో పాలు పట్టి పెంచాను. అరటిపండు చేతిలో ఉంటే ఎవరి వెనకైనా వస్తుంది. అందుకే మీవాళ్ళకి తేలిగ్గా ఉంటుందని దీన్ని తెచ్చాను" అంది. గుడ్డ పక్కన పెట్టి, "నీ వెనకే వచ్చింది కదా. తల పట్టుకుంటావా?" అని అడిగింది.

ఆంటీ నా మోచెయ్యి పట్టుకుంది. "వద్దమ్మా. ఇల్లాలివి. ఇవ్వాళే అడుగుపెట్టావు" అంది. ఆవిడ పెద్దగా లాగలేదు. ఆ చెయ్యి విడిపించుకోవడానికి ఏమంత బలం అక్కర్లేదు. నేను విడిపించుకోలేదు. లాగిన వైపుకి వెళ్ళాను. మా ఆయన నన్ను చూసి నా వెనకే వచ్చాడు. యజమానురాలు ఆవుని పేరు పెట్టి పిలవడం వెనక నుంచి వినిపించింది. దానికి పేరుందని నాకు అప్పుడే తెలిసింది. ఆ పేరు ఇక్కడ రాయడానికి చెయ్యి రావడం లేదు.

పెరట్లో టేబుళ్ళ మీద వంటలన్నీ మూతలు పెట్టి ఉన్నాయి. కొంచెంసేపు ఎవరూ ముట్టుకోలేదు. తర్వాత పిల్లలకి ఆకలేస్తోందన్నారు ఎవరో. పిల్లలకి పెట్టాక పెద్దవాళ్ళూ కూర్చున్నారు. ఎవరూ తినలేదని అబద్ధం రాయలేను. నేను పులిహోర వడ్డించాను. ఇంటి ముందు దూడ అరుస్తోంది. "సాంబారు కొంచెం ఇటు పంపమ్మా" అని ఎవరో అంటే పంపాను.

వారం తిరక్కుండానే శాంతి చేయించాం. పంతులుగారు మంత్రాలు చదువుతుంటే మా ఆయన చెప్పినట్టల్లా చేశాడు, నేను పక్కన కూర్చున్నాను. దోషం పోయిందన్నారు. మాకు పోయింది సరే.

చాలా రోజులు పక్కింటి వైపు చూడలేకపోయాను. కారు గరాజ్‌లోకి తెచ్చి తలుపు మూసుకున్నాకే దిగేదాన్ని. చివరికి ఒక సాయంత్రం చెత్త డబ్బా పెట్టడానికి వెళ్తే ఆయనే కంచె దగ్గర టమాటా తీగలు పీకేస్తూ కనబడ్డాడు. తప్పించుకునే దారి లేదు. ఏదో ఒకటి మాట్లాడాలని, "ఆ రోజు కథ ఇంకా ఉందన్నారు కదా అంకుల్, ఏమైంది ఆ ఆవుకి?" అని అడిగాను.

ఆయన తీగ చేతిలో పట్టుకునే చెప్పాడు. చోటు దొరికిన సంతోషంలో కాడ్మస్ ఆ ఆవుని దేవతకి బలిచ్చేశాడట. ముందు బలికి కావలసిన నీళ్ళ కోసం మనుషుల్ని పంపాడట. వాళ్ళని ఒక మహాసర్పం చంపేసింది. ఇతను ఆ సర్పాన్ని చంపి, అన్నీ అయ్యాక ఆవుని తన చేత్తోనే కోశాడు. "మీరు అంత సంతోషంగా ఉన్నారు. నాకు చెప్పబుద్ధి కాలేదు" అన్నాడు.

మేం బలులిచ్చేవాళ్ళం కాదని ఒకప్పుడైతే అనేదాన్నే. మేం గోవును తల్లి అంటామని ఇంగ్లీషులో విడమరిచి చెప్పేదాన్ని. ఇప్పుడా నోరు లేదు నాకు. అన్నాళ్ళూ నన్ను తినేస్తున్న మాట అడిగాను. ఆ రోజు మేమంతా పెరట్లోకి వెళ్ళిపోయాక ఆయన హాల్లోనే ఉండిపోయాడని యజమానురాలి నోట విని మా ఆయన చెప్పాడు. మోకాళ్ళు సరిగా వంగని మనిషి, కోటూ టై తోనే నేల మీద కూర్చుని ఆవు తల ఒళ్ళో పెట్టుకున్నాడట.

"మీరెందుకు ఉన్నారంకుల్?" అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు, తీగ పీకిన చోట మట్టి సర్దుతూ చెప్పాడు. "ఇంటివాళ్ళు ఒక్కరూ లేరు కదమ్మా అక్కడ. అందుకని."